ఉగ్రదాడుల భయంతో పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్లడం మానేశాను. నేను పిరికిదాన్నా?

అమ్మా, మీరు అడిగింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీది విశాఖలో ఎంవీపీ కాలనీ. పహల్గాం దాడి వార్తలు చూసీ చూసీ ఇప్పుడు జనం ఉన్న చోటికి వెళ్లాలంటే మీకు గుండె దడ. ఆర్కే బీచ్, జగదాంబ, రైల్వే స్టేషన్ అన్నీ మానేశారు. మీవారేమో "ఏం కాదు, లేనిపోనివి ఊహించుకుంటున్నావు" అంటున్నారు. అత్తగారు రోజంతా న్యూస్ ఛానల్ పెట్టుకుని కూర్చుంటున్నారు. తొమ్మిదేళ్ల బాబు "మన ఊళ్లో నేవీ ఉంది కదా, ముందు మన మీదే బాంబు వేస్తారా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. చివర్లో "దాడులు జరిగినా ధైర్యంగా ఉండే ఊళ్ల జనం ఎలా ఉంటారండీ? నేను పిరికిదాన్నా?" అని రాశారు.

సూటిగా చెప్తాను. మీరు పిరికివారు కాదు. బీచ్‌కి వెళ్లండి. భయం పోయాక వెళ్దామని కూర్చుంటే అది ఎప్పటికీ పోదు, కాబట్టి భయంతోనే వెళ్లండి. కాకపోతే వెళ్లే ముందు ఆ భయానికి ఒక కొలత పెట్టుకోండి. కొలత అంటే ఏమిటో చెప్పడానికే ఈ పొడుగు సమాధానం.

నేను ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో కానిస్టేబుల్‌గా చేరి, చివరి పద్దెనిమిదేళ్లు విశాఖలోనే బాంబ్ స్క్వాడ్‌లో పనిచేసి 2020లో రిటైరయ్యాను. పిలుపు వచ్చిన ప్రతిసారీ భయపడ్డాను. మాలో ఒకాయన బాంబు సూట్ తొడుక్కునే ముందు రెండుసార్లు బాత్రూంకి వెళ్లొచ్చేవాడు. మా అందరిలోకీ గట్టి పనిమంతుడు ఆయనే. కొత్తగా వచ్చిన కుర్రాళ్లలో "నాకేం భయం లేదు సార్" అనేవాణ్ణి మేము కొన్నాళ్లపాటు ముందుకు పంపేవాళ్లం కాదు.

మా పనిలో అనుమానం ఉన్న సంచి కనపడగానే ఎవరూ దాని మీదికి ఉరకరు. జనం ఎంత దూరంలో ఉండాలి, ఎన్ని నిమిషాల్లో ఖాళీ చేయించాలి, కంట్రోల్ రూంతో ఎవరు మాట్లాడాలి, దగ్గరికి వెళ్లేది ఎవరు, ఇవన్నీ ముందు తేల్చుకుంటాం. వెళ్లేది ఎప్పుడూ ఒక్కడే. పోతే ఒక్కడే పోవాలని లెక్క. ఇవన్నీ కుదిరాక కూడా భయం ఉంటుంది. అయితే అది ఆ తాడు కట్టిన వలయం లోపలే ఉంటుంది. వలయం బయట ఉన్నవాడు టీ తాగొచ్చు, తాగేవాళ్లం కూడా. మీ ఇంట్లో జరుగుతున్నది ఏమిటంటే, ఆ వలయం లేదు. పహల్గాంలో మొదలైన భయం ఎంవీపీ రైతుబజార్ దాకా పాకేసింది.

ఒక సంగతి చెప్తాను. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం జనం కిక్కిరిసిన వేళ రెండు బాంబులు పేలాయి. సైకిళ్లకి తగిలించి పెట్టారు. ఆ వారమంతా మాకు నిద్ర లేదు. ఎక్కడ టిఫిన్ క్యారేజీ మరిచిపోయినా ఫోనే. అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ప్లాట్‌ఫాం మీద దిక్కులేని సంచి ఉందని పిలుపు వచ్చింది. వెళ్లేసరికి స్థానిక స్టేషన్ వాళ్లు జనాన్ని వెనక్కి నెడుతున్నారు. నెట్టిన జనం నెట్టినట్టే మళ్లీ ముందుకొస్తున్నారు, చేతుల్లో ఫోన్లు, వీడియో తియ్యాలి కదా! మా కుక్క సంచి చుట్టూ తిరిగింది. పేలుడు పదార్థం వాసన తగిలితే అది కూర్చుంటుంది. కూర్చోలేదు. అయినా మా పద్ధతి మాది. ముప్పై కిలోలు దాటిన సూట్ వేసుకుని నేను వెళ్లి, సంచికి కొక్కెం తగిలించి వచ్చాను. దూరం నుంచి తాడుతో లాగాం. సంచి ఒరిగింది. లుంగీ, తువ్వాలు, ఏవో ఆసుపత్రి కాగితాలు, గుడ్డ చుట్టిన చింతకాయ పచ్చడి జాడీ. జాడీ పగిలి ప్లాట్‌ఫాం అంతా పచ్చడి.

అప్పుడు జనంలోంచి ఒక ముసలాయన ముందుకొచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి. కేజీహెచ్‌లో చూపించుకుని తిరిగి వెళ్తూ, సంచి అక్కడ పెట్టి మూత్రానికి వెళ్లొచ్చాడట. వచ్చేసరికి తాళ్లు, పోలీసులు, కుక్క. దాదాపు నలభై నిమిషాలు ఆ గుంపులోనే నిలబడి తన సంచి వైపు చూస్తూ ఉన్నాడు. "ముందే చెప్పొచ్చు కదా తాతా" అన్నాను. "సెప్తే నన్నే పట్టుకుపోతారని భయమేసింది బాబూ" అన్నాడు.

పన్నెండేళ్లు దాటినా ఆ మాట నాకు గుర్తే. ఆ ప్లాట్‌ఫాం మీద భయపడాల్సినవాళ్లు ఫోన్లు పట్టుకుని సంచి మీదికి వంగుతున్నారు. భయపడక్కర్లేని ఒకే ఒక్క మనిషి, అందులో పచ్చడి ఉందని తెలిసిన మనిషి, అందరికంటే ఎక్కువ భయపడి నోరు విప్పలేదు. భయం తక్కువా ఎక్కువా అన్నది అక్కడ సమస్యే కాదు. ఉండాల్సిన చోట లేదు.

ఇక అంకెల సంగతి. మీవారు "ఏం కాదు" అనడానికి కారణం ఇవే అయ్యుంటాయి, అవి తప్పు కూడా కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అంటే రోజుకి నాలుగొందల అరవై మంది దాకా. పహల్గాంలో 2025 ఏప్రిల్ 22న చనిపోయినవాళ్లు 26 మంది, అందులో మన విశాఖ వాసి ఒకరు. సరిగ్గా ఎనిమిది రోజులకి, ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో క్యూ లైను మీద గోడ కూలి ఏడుగురు పోయారు. అయినా సింహాచలం కొండెక్కడానికి భయమేస్తోందని మీరు రాయలేదు. హెల్మెట్ లేకుండా మద్దిలపాలెం జంక్షన్ దాటడానికి మీవారూ భయపడుతూ ఉండరు.

భయం వల్ల తీసుకునే నిర్ణయాలు ఒక్కోసారి అసలు ప్రమాదం కంటే ఎక్కువ మందిని తింటాయి. 2001 సెప్టెంబర్ 11 తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మానేసి కార్లలో తిరగడం మొదలుపెట్టారు. ఆ ఏడాదిలో అందువల్ల రోడ్ల మీద అదనంగా పోయిన ప్రాణాలు సుమారు 1,500 అని గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త లెక్కగట్టాడు. విమానం ఎక్కి ఉంటే బతికేవాళ్లు.

ఇంత చెప్పాను గానీ, ఈ అంకెలు చెప్పి నేను ఇంతవరకూ ఒక్కరి భయాన్ని కూడా తగ్గించలేకపోయాను. మా ఆవిడకే చెప్పి చూశాను. "లారీకి మన మీద కోపం లేదు కదండీ" అంది. ఆలోచిస్తే అదే అసలు తేడా. ప్రమాదం ఎవరూ అనుకుని చెయ్యరు. ఇది మాత్రం ఒకడు కూర్చుని, మనం పిల్లలతో నవ్వుతూ ఉండే చోటు ఏదో వెతికి, అక్కడ చేస్తాడు. వాడికి కావాల్సింది చనిపోయినవాళ్లు ఒక్కరే కాదు, ఇంట్లో కూర్చుని చూస్తున్న మీరు కూడా. కాబట్టి మీవారితో ఒక మాట చెప్పండి: "ఏం కాదు" అన్నది సమాధానం కాదు. "ఏమైనా అయితే మనం ఏం చేద్దాం" అని ఇద్దరూ కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకోండి. ఆ పది నిమిషాలే నేను చెప్పే కొలత.

ఏం మాట్లాడుకోవాలి?

కలుసుకునే చోటు. బీచ్‌కి వెళ్లగానే ఒక చోటు అనుకోండి. కాళీమాత గుడి గేటు అనుకోండి, కురుసుర సబ్‌మెరైన్ ముందు అనుకోండి. తప్పిపోతే, గలాటా అయితే, ఫోన్ పనిచెయ్యకపోతే అక్కడికి. బాబుకి మీ నంబర్ నోటికి రావాలి. ఇది ఉగ్రవాదానికే కాదు, ఆదివారం బీచ్‌లో తప్పిపోయే పిల్లలకి కూడా పనికొస్తుంది.

దిక్కులేని సంచి. తాకొద్దు, కాలితో కదపొద్దు, తెరిచి చూడొద్దు. "ఇది ఎవరిదండీ?" అని ఒక్కసారి గట్టిగా అడగండి. చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది. లేదంటే దూరం జరిగి, పక్కవాళ్లని కూడా జరగమని, దూరంగా వెళ్లాకే 112కి ఫోన్ చెయ్యండి. రైల్లో, స్టేషన్లో అయితే 139. "అనవసరంగా ఫోన్ చేశానేమో, నవ్వుతారేమో" అని ఆగొద్దు. మేము వందసార్లు వెళ్తే వందసార్లూ పచ్చడి జాడీలే దొరకాలనే కోరుకుంటాం.

పేలుడు వినపడితే చూడటానికి వెళ్లొద్దు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్‌లో 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్, నిమిషాల తేడాలో రెండు. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి దగ్గర పేలని మూడోది దొరికింది. 2013లో మళ్లీ రెండు. మొదటిదాని దగ్గరికి జనం పోగయ్యాక రెండోది పేలితే నష్టం ఎంతో మీరే ఊహించుకోవచ్చు. సాయం చెయ్యాలనే మనసు మంచిదే, కానీ పిల్లలతో ఉన్నవాళ్ల డ్యూటీ పిల్లల్ని దూరం తీసుకెళ్లడం.

అందరూ పరిగెత్తే వైపు పరిగెత్తొద్దు. తొక్కిసలాటలోనూ ప్రాణాలు పోతాయి. పక్కకి జరిగి గోడో, స్తంభమో, ఆగి ఉన్న బండో చూసుకోండి. చిన్నవాణ్ణి ఎత్తుకోండి. చెప్పు ఊడిపోతే వంగొద్దు.

అంతే. ఇంతకంటే పెద్ద ప్లాన్ వద్దు. మా బంధువుల్లో ఒకాయన సినిమా హాలుకి వెళ్లినా ఎగ్జిట్ ద్వారాలన్నీ తిరిగి లెక్కపెట్టి, సినిమా చూడకుండా వచ్చినవాళ్ల మొహాలు చూస్తూ కూర్చునేవాడు. దాన్ని జాగ్రత్త అనరు.

ఇప్పుడు అత్తగారి టీవీ. ఇది మీరు అనుకున్నదానికంటే పెద్ద విషయం. 2013లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక అమెరికా పరిశోధకులు ఒకటి గమనించారు. ఆ వారంలో రోజుకి ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలూ వీడియోలూ చూసినవాళ్లలో, స్వయంగా పేలుడు దగ్గర ఉన్నవాళ్లలో కంటే ఎక్కువ మానసిక ఒత్తిడి కనపడింది. అక్కడ ఉన్నవాడికి అది ఒకసారి జరిగింది. టీవీ ముందు కూర్చున్నవాడికి రోజుకి వందసార్లు జరుగుతుంది, పైగా ఎర్ర గుండ్రాలు, బాణాలు, భయం పుట్టించే మ్యూజిక్‌తో. అత్తగారి చేతిలోంచి రిమోట్ లాక్కోమని చెప్పను, ఆ యుద్ధం నాకెందుకు! పొద్దున పేపరు, రాత్రి ఒక బులెటిన్, ఇదీ కొలత అని మంచిగా అడిగి చూడండి. మధ్యలో సీరియల్ పెట్టండి. సీరియళ్లలో కుట్రలు తక్కువేమీ కాదనుకోండి, కనీసం అవి మన ఊళ్లో జరగవు.

ఫార్వర్డ్‌ల గురించి కూడా చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున మన ఊరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకై పన్నెండు మంది చనిపోయారు. అది ఉగ్రవాదం కాదు, కానీ భయం ఎలా నడుస్తుందో నేను కళ్లారా చూసింది ఆ రాత్రే. రిటైర్‌మెంట్‌కి ఇంకా రెండు నెలలుంది, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బందోబస్తులో ఉన్నాను. అర్ధరాత్రి దాటాక "మళ్లీ లీకైంది, ఈసారి ట్యాంకే పేలుతుంది" అని ఫోన్లలో మెసేజ్. పావుగంటలో రోడ్డు నిండిపోయింది. స్కూటర్ మీద ఐదుగురు, చంకలో పసిపిల్లలు, నైటీల్లో ఆడవాళ్లు, ఎటు వెళ్లాలో తెలియక ఒక గుంపు అటు, ఒక గుంపు ఇటు. వాళ్లని నేను తప్పుపట్టను. పొద్దునే కళ్లముందు మనుషులు పడిపోవడం చూసినవాళ్లు వాళ్లు. ఒకావిడని ఆపి "అమ్మా, ఎక్కడికి?" అని అడిగితే "అందరూ ఎటెళ్తే అటే బాబూ" అంది. ఏ వైపు గాలి వీస్తోంది, ఎంత దూరం వెళ్తే చాలు, ఎవరు చెప్తే నమ్మాలి అన్న మూడు ముక్కలు ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి సగం మంది నడిచి వెళ్లేవారు.

చిత్రంగా సరిగ్గా ఐదేళ్లకి, 2025 మే 7నే, దేశమంతా పౌర రక్షణ మాక్ డ్రిల్ చేశారు, విశాఖలో కూడా. మీ బాబు ఆ సైరన్ విని ఏడ్చాడని రాశారు. వాడికి ఈ చిన్న విషయం నేర్పండి: సైరన్ పైకీ కిందకీ ఊగుతూ మోగితే హెచ్చరిక, లోపలికి వెళ్లాలి. ఒకే స్థాయిలో నిలకడగా మోగితే ప్రమాదం తప్పింది అని. అర్థం తెలిసిన శబ్దం పిల్లల్ని అంత భయపెట్టదు. తన స్నేహితులకి చెప్పడానికి వాడికో కొత్త సంగతి కూడా దొరుకుతుంది.

కాస్త కష్టమైన విషయం ఒకటుంది, మీరు అడగలేదు గానీ చెప్తాను. భయానికి కొలత లేనప్పుడు అది మనుషుల మీద పడుతుంది. ఏ సంవత్సరమో చెప్పను. ఒక దాడి జరిగిన వారంలో జగదాంబ దగ్గర జనం ఒక మనిషిని పట్టుకున్నారని పిలిచారు. గడ్డం ఉంది, సంచిలో వైర్లు, బ్యాటరీ, ఎర్రగా వెలిగే అంకెలు ఉన్నాయి. మేము వెళ్లేసరికి చొక్కా చిరిగి, పెదవి పగిలి ఉంది. సంచిలో ఉన్నది నమాజు వేళలు చూపించే డిజిటల్ గడియారం. ఆయన వన్ టౌన్‌లో గడియారాల మెకానిక్. మసీదుది రిపేరుకి ఇచ్చారు, బాగుచేసి తిరిగి తీసుకెళ్తున్నాడు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "ఇదేంటి భాయ్?" అని అడిగి ఉంటే నిమిషంలో తేలిపోయేది. కొట్టినవాళ్లు ఎప్పుడో జారుకున్నారు. ఆయన నన్ను కేసు పెట్టమని అడగలేదు. "సార్, మీ జీపులో ఇంటిదాకా దింపుతారా?" అన్నాడు. దింపాను. దారి పొడుగునా గడియారం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది నడుస్తూనే ఉంది.

అనుమానించొద్దని నేను చెప్పడం లేదు, నా ఉద్యోగమే అనుమానించడం. వస్తువుని అనుమానించండి, పనిని అనుమానించండి. సంచి వదిలేసి పరుగున వెళ్లిపోతున్నవాణ్ణి, నేవీ ఏరియా గేట్లని అదేపనిగా వీడియో తీస్తున్నవాణ్ణి అనుమానించండి, వాడికి గడ్డం ఉన్నా లేకున్నా. 2019 డిసెంబర్‌లో మన రాష్ట్ర ఇంటెలిజెన్స్ వాళ్లు 'డాల్ఫిన్ నోస్' పేరుతో ఒక గూఢచర్యం కేసు బయటపెట్టారు. సోషల్ మీడియాలో అమ్మాయిల పేర్లతో పరిచయమైనవాళ్ల వలలో పడి నేవీ సమాచారం ఇచ్చారని నౌకాదళ సిబ్బందినే పట్టుకున్నారు. ప్రమాదం ఏ వేషంలో వస్తుందో మొహం చూసి చెప్పగలిగితే మాకు కుక్కలెందుకు?

ఇక మీ పెద్ద ప్రశ్న: ధైర్యంగా ఉండే జనం ఎలా ఉంటారు?

2006 జులై 11న ముంబయి లోకల్ రైళ్లలో పదకొండు నిమిషాల్లో ఏడు బాంబులు పేలాయి. మర్నాడు అవే రైళ్లలో జనం ఎక్కారు. పత్రికలన్నీ ముంబయి స్ఫూర్తి అని రాశాయి. నేను ఆ మాట అంత తేలిగ్గా వాడను. వాళ్లలో చాలామందికి ఆ రోజు పనికి వెళ్లకపోతే కూలి పోతుంది. మనం ధైర్యం అని పేరు పెట్టేది చాలాసార్లు రోజుకూలీ. అందుకని దాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు, పొగడటానికి ముందు వాళ్ల ఇంటి ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలి అంటున్నానంతే. గోకుల్ చాట్ కూడా మళ్లీ తెరిచారు. తర్వాత డ్యూటీ మీద కోఠీ వెళ్లినప్పుడు నేనూ ఒక ప్లేటు తిన్నాను. నిజం చెప్తున్నా, తింటూ మొదట చూసింది బల్ల కిందికి.

మన ఊరి సంగతే చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. మా నాన్నమ్మ చెప్పేది: మూటాముల్లె బండికెత్తి చోడవరం దగ్గర పుట్టింటికి వెళ్లిపోయారట. వీధిలో సగం ఇళ్లకి తాళాలు. మరి తిరిగి ఎందుకొచ్చావు అంటే, "బియ్యం అయిపోయాయిరా, వదిన మొహం మాడ్చింది" అనేది. పారిపోయినవాళ్లే తిరిగొచ్చి ఈ ఊరిని ఇంత చేశారు. పారిపోవడం, తిరిగి రావడం రెండూ మన వాళ్లే చేశారు. మీరు కొన్ని నెలలు బీచ్ మానేస్తే చరిత్రకి వచ్చిన నష్టమేమీ లేదు.

జాలరిపేట వాళ్లని చూస్తే నాకు ఇంకో రకం ధైర్యం కనపడుతుంది. 2008 నవంబర్ 26న ముంబయికి వచ్చిన పదిమందీ సముద్రం మీదే వచ్చారు, ఒక చేపల పడవని కాజేసి. అందులో ఉన్న మన మత్స్యకారుల్ని చంపేశారు. ఆ దాడిలో 166 మంది పోయారు. తర్వాత తీరమంతా మారింది. మత్స్యకారులకి గుర్తింపు కార్డులు, పడవలకి రిజిస్ట్రేషన్, రంగులు, మెరైన్ పోలీసుకి 1093 నంబర్. మీటింగుల్లో వాళ్లకి చెప్పేది ఒకటే: సముద్రం మీద తెలియని పడవ కనపడితే చెప్పండి. ఒక పెద్దాయన లేచి, "మాకు తెలీని పడవ ఈ నీళ్ల మీద ఏటుంటది బాబూ? ఇంజిను సప్పుడు ఇని ఎవుడిదో సెప్పేత్తాం" అన్నాడు. వాళ్లు ఆ ఏడాది కూడా వేట మానలేదు. వేటతో పాటు ఒక పని అదనంగా చేతికొచ్చింది. చేతిలో పని ఉన్నవాడి భయానికీ, టీవీ ముందు ఖాళీగా కూర్చున్నవాడి భయానికీ చాలా తేడా ఉంటుంది.

ఇదంతా చెప్పి నేను మాత్రం మహా గట్టివాణ్ణి అనుకోకండి. 2016 ఫిబ్రవరిలో మన బీచ్‌లో అంతర్జాతీయ నౌకా విన్యాసాలు జరిగాయి గుర్తుందా? యాభై దాకా దేశాల నేవీలు, ప్రధానమంత్రి రాక, లక్షల్లో జనం. దానికి నెల ముందే, జనవరి 2న, పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్ మీద దాడి. మేము రోజుల తరబడి బీచ్ రోడ్డులో మ్యాన్‌హోల్ మూతలు, పూలకుండీలు, కుర్చీల కింద, స్టేజీ చెక్కల సందుల్లో వెతికాం. ఆ రోడ్డులో నా చెయ్యి పడని గజం లేదు. సరిగ్గా ఆ రోజు పొద్దున మా ఆవిడ ఫోన్ చేసి, "మనవణ్ణి తీసుకురమ్మంటారా?" అని అడిగింది. పది సెకన్లు నా నోట మాట రాలేదు. వెతికింది నేనే, ఏమీ లేదని సంతకం పెట్టింది నేనే. అయినా రాలేదు. తర్వాత అడిగాను: ఏ వైపు నుంచి వస్తారు, ఎక్కడ నిలబడతారు, బుడ్డోడికి ఏ రంగు చొక్కా వేస్తున్నావు అని. "పసుపు" అంది. "సరే, రండి" అన్నాను. వచ్చారు. విమానాలు వెళ్తుంటే వాడు మా ఆవిడ చెవులు మూశాడట, తనవి మూసుకోకుండా.

ఒక జాగ్రత్త. నేను డాక్టర్ని కాను. నిద్ర పట్టకపోవడం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం, బయటికి వెళ్లాలంటే ఊపిరి ఆడకపోవడం నెల దాటి కొనసాగుతుంటే, లేదా వంట, ఆఫీసు, పిల్లల స్కూలు లాంటి పనులు ఆగిపోతుంటే, ఈ కబుర్లు చాలవు. టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు చెప్తే మన ఊళ్లో ఇంకా నవ్వుతారు, నాకు తెలుసు. ఒక కేసు తర్వాత మూడు నెలలు నేనూ వెళ్లాను. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు, యూనిఫాం వల్లేమో.

చివరికి బాబు ప్రశ్న. "మన మీద బాంబు వేస్తారా?" అని అడిగితే "ఛ, అలాంటివి మాట్లాడకూడదు" అనొద్దు. "వెయ్యరు" అని ఒట్టు కూడా వెయ్యొద్దు, పిల్లలు అబద్ధాన్ని వెంటనే పసిగడతారు. "నేవీ ఉంది కాబట్టే మన ఊరిని రాత్రీ పగలూ కాపలా కాసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పని వాళ్లు చేస్తారు, మనకీ ఒక చిన్న పని ఉంది" అని చెప్పి, వాడికి నిజంగానే ఒక పని అప్పజెప్పండి. కలుసుకునే చోటు ఎంచుకునే పని వాడిదే అనండి.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1971లో నాకు పదకొండేళ్లు. మా నాన్న పోర్టులో కళాసీ, మేముండేది వన్ టౌన్‌లో. డిసెంబర్ 3 సాయంత్రం యుద్ధం మొదలైందని తెలియగానే నాన్న కిటికీలకి పాత పేపర్లు అంటించాడు. నేను మీ బాబు అడిగిన ప్రశ్నే అడిగాను. నాన్న సమాధానం చెప్పలేదు. "వీధిలోకెళ్లి, మనింట్లోంచి వెలుతురు ఎక్కడైనా బయటికి కనిపిస్తోందేమో చూసిరా" అన్నాడు. చీకట్లో ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాను. వెనక తలుపు కింద సన్నటి గీతలా వెలుతురు. చెప్తే నాన్న గోనెసంచి మడిచి అడ్డం పెట్టాడు. మళ్లీ వెళ్లి చూసొచ్చాను. ఏమీ కనపడలేదు.

ఆ అర్ధరాత్రే తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలిపోయింది. ఆ శబ్దానికి మా వీధి వీధంతా లేచి కూర్చుందని పొద్దున అమ్మ చెప్పింది. నేను లేవలేదట. నా డ్యూటీ అప్పటికే అయిపోయింది కదా.